కలివికోడి తావుకు కార్లు బారులు తీరకముందే

2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో కలివికోడి కూత మళ్లీ రికార్డయింది. ఏళ్ల తరబడి జాడ తెలియక, ఇక లేదేమోనని దిగులుపడిన పక్షి అది. ఆ వార్తకు మురిసిపోని పక్షి ప్రేమికుడు ఉండడు. ఆ మురిపెంలోనే ముప్పూ ఉంది. ఇంకెక్కడా దొరకని పక్షిని చూసి తమ జాబితాలో రాసుకోవడానికి ఖండాలు దాటి వచ్చేవాళ్లున్నారు. వాళ్లు కడప దారి పట్టేలోపే మనం నియమాలు రాసుకోవాలి.

పక్షుల పర్యాటకం అంటే మనకు నేలపట్టు, ఉప్పలపాడు గుర్తొస్తాయి. అక్కడ గూడబాతులు చెట్ల మీద గుంపులుగా గూళ్లు కడతాయి. దూరం నుంచి వందలమంది చూసినా వాటికి పెద్దగా ఇబ్బంది ఉండదు. ఆ పద్ధతి కలివికోడి తావైన కడప జిల్లా లంకమల అడవులకు పనికిరాదు. కలివికోడి రాత్రిపూట తిరిగే పక్షి. పొద్దుగూకాక కాసేపే కూస్తుంది. దాన్ని చూడాలంటే చీకట్లో టార్చిలైటు వేయాలి, లేదా రికార్డు చేసిన కూత వినిపించి రప్పించాలి. పరిశోధకులు లెక్క కోసం ఎప్పుడో చేసే ఆ పనిని ఫొటో కోసం రోజుకో బృందం చేస్తే ఆ పక్షి తిండి మాని, తన హద్దులోకి ఎవరొచ్చారోనని వెతుక్కోవాల్సిందే. పైగా అది గూడు ఎక్కడ పెడుతుందో ఇప్పటికీ ఎవరూ కనిపెట్టలేదు. 1917లో కోలారు ప్రాంతంలో సేకరించిన గుడ్డు ఒకటి స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉందని 2013లో తేలితే, అదే పెద్ద విశేషమైంది. గూడు జాడే తెలియని ఆ నేల మీద గుంపులుగా తిరిగితే కాలికింద ఏది నలుగుతుందో!

కంటితో చూడకుండానే ఉనికి తెలుసుకునే దారి ఉంది. పొదల మధ్య నేలను చదును చేసి మెత్తటి మట్టిని పట్టీలుగా పరుస్తారు. తెల్లారి వెళితే రాత్రి నడిచిన అడుగులు దానిమీద అచ్చుపడి ఉంటాయి. మూడు వేళ్ల గుర్తులను కొలిచి కలివికోడి అడుగేదో పోల్చుకుంటారు. ఎంత ఓర్పు కావాలో ఆ పనికి!

ఆ ఓర్పు, ఆ చూపు స్థానికులకు ఎప్పటినుంచో ఉన్నాయి. 1900 తర్వాత కనబడక అంతరించిందనుకున్న ఈ పక్షిని 1986లో రాత్రివేళ టార్చిలైటుతో పట్టి తెచ్చింది ఊరి వేటగాడే. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వెతుకులాట ఆయనతోనే ఫలించింది. పట్టుబడ్డ పక్షి బతకలేదు గానీ, శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది ఆ తర్వాతే.

ఇక అసలు చిక్కు నేలది. తుమ్మ, రేగు, కలివి పొదలు పలచగా పెరిగిన చిట్టడవి మన లెక్కల్లో బంజరు. పొలానికి, తోటకు, కాలువకు ముందుగా గుర్తొచ్చేది అదే. 2005లో తెలుగుగంగ కాలువ పనులు ఈ పక్షి తావు మీదికే వచ్చాయి. చివరికి కాలువ మార్గం మార్చాల్సి వచ్చింది. అలాగని కంచె వేసి మనుషుల్ని తరిమేయడమూ పరిష్కారం కాదు. పొదలు మరీ దట్టమైతే కలివికోడి నిలవదు, మరీ నరికేసినా నిలవదు. మేకల మేత, వంటచెరకు సేకరణ మితంగా సాగితేనే ఆ పలచదనం నిలుస్తుంది. కాబట్టి కాపరులు ఇందులో భాగస్వాములు కావాలి.

కూత విన్న తావుల వివరాలు బయటపెట్టకూడదు. రికార్డు కూత వినిపించడాన్ని పర్యాటకులకు పూర్తిగా నిషేధించాలి. పగటి పక్షులను చూసేందుకు వచ్చేవారిని రానివ్వాలి, రుసుము గట్టిగానే వసూలు చేయాలి. ఆ డబ్బుతో చుట్టుపక్కల ఊళ్ల యువకులకు, యానాదులకు గైడ్లుగా, కాపలాదారులుగా నెలజీతం ఇవ్వాలి. చలికాలం పర్యాటకం ఊపందుకునేలోపే అటవీశాఖ ఈ మేరకు ఉత్తర్వు ఇవ్వాలి.