శాలువాలు ఎవరికి? స్కాలర్‌షిప్పులు ఎవరికి?

పోయిన నెల మా ఊళ్ళో ఒక సంగీత సభ వాళ్ళు, బెంగుళూరు నాగరత్నమ్మ పేర ఏటా ఏదైనా చేద్దామని సమావేశం పెట్టారు. ఇరవై ఏళ్ళుగా ఆడపిల్లలకి గాత్రం నేర్పుతున్నాను కనుక నన్నూ పిలిచారు. తీరా వెళితే అంతా ముందే నిర్ణయమైపోయింది. ఆమె పటానికి దండ, పేరున్న ఒక గాయనికి శాలువా, జ్ఞాపిక. ఆ డబ్బుతో పాట నేర్చుకునే పేద ఆడపిల్లలకి స్కాలర్‌షిప్పులు ఇవ్వండి అన్నాను. "పెళ్ళయితే మానేసేవాళ్ళ మీద డబ్బు తగలెయ్యడం ఎందుకమ్మా?" అన్నాడో పెద్దమనిషి. అందరూ నవ్వారు. ఆ నవ్వుకి జవాబుగానే ఇది రాస్తున్నాను.

వాళ్ళు దండ వెయ్యబోతున్న నాగరత్నమ్మ ఎవరు? 1878లో నంజనగూడులో దేవదాసి ఇంట పుట్టింది. ఆసరాగా ఉన్న మగవాడు వదిలేస్తే తల్లి పుట్టలక్ష్మి నానా పాట్లు పడి కూతురికి సంగీతం, భాషలు నేర్పించింది. ఆ కూతురు మద్రాసులో పేరుమోసిన గాయని అయింది. ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను 1910లో కోతలు లేకుండా పరిష్కరించి అచ్చు వేయించింది. ఆడది శృంగారం రాయడమేమిటని పండితులు మండిపడ్డారు. సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకి అక్కర్లేదా అని ఆమె నిలదీసింది. ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది.

తిరువయ్యారులో త్యాగరాజు సమాధి పాడుపడి ఉంటే తన సొంత సంపాదన పెట్టి గుడి కట్టించింది. 1926లో ప్రతిష్ఠ జరిగింది. కానీ అక్కడ జరిగే ఆరాధనలో ఆడవాళ్ళు పాడకూడదన్నారు! గుడి కట్టడానికి ఆడదాని డబ్బు పనికొచ్చింది, పాడడానికి ఆడదాని గొంతు పనికిరాలేదు. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. 1927 నుంచి స్త్రీలను కూడగట్టి వేరుగా ఆరాధన నడిపింది. అందరూ కలిసి ఒకే ఆరాధన చెయ్యడానికి 1940 ప్రాంతం దాకా పట్టింది. చివరికి తన ఆస్తిని ట్రస్టుకి రాసేటప్పుడు కూడా, ఆరాధనలో స్త్రీలకు మగవాళ్ళతో సమానంగా చోటుండాలని షరతు పెట్టింది. 1952లో చనిపోయింది.

ఆ షరతే ఆమె మనకి ఇచ్చిపోయిన ఆస్తి అని నా నమ్మకం. డబ్బు ఇచ్చి ఊరుకుంటే దాన్ని ఎవరి కోసం వాడాలో పెత్తనం చేసేవాళ్ళే నిర్ణయిస్తారని ఆమెకి అనుభవం మీద తెలుసు. అందుకే ఆమె పేర ఇచ్చే స్కాలర్‌షిప్పుకీ షరతులుండాలి.

పెళ్ళయితే మానేస్తారట! నా దగ్గర నాలుగేళ్ళు నేర్చుకున్న ఒక అమ్మాయి వర్ణాలు దాటి కృతులకొచ్చింది. తమ్ముడి ట్యూషన్ ఫీజు కట్టాలని తండ్రి ఆమె పాట ఆపించాడు. అప్పటికింకా పెళ్ళి మాటే లేదు. ఆ అమ్మాయి మానలేదు, మాన్పించారు. ఈ రెండు మాటలకీ తేడా తెలియనివాళ్ళు నాగరత్నమ్మ పేరెత్తి ఏం లాభం?

కాబట్టి డబ్బు నెలనెలా, కనీసం మూడేళ్ళపాటు, ఆ అమ్మాయి ఖాతాలోనే పడాలి. గురువు ఫీజుకీ, శ్రుతిపెట్టెకీ, బస్సు ఛార్జీలకీ సరిపోవాలి. పెళ్ళయినా, బిడ్డ పుట్టినా ఆగకూడదు. ఏ కులం, ఎవరి కూతురివి అని అడగకూడదు, ఆ ప్రశ్నలు నాగరత్నమ్మ చాలా విన్నది. ఎంపిక చేసేవాళ్ళలో సగం మందికి తక్కువ కాకుండా స్త్రీలుండాలి.

ప్రతిభ ఉంటే అదే పైకొస్తుందని కొందరంటారు. పైకొచ్చినవాళ్ళు మనకి కనిపిస్తారు. వంటింట్లో ఆగిపోయిన గొంతుల లెక్క ఎవరు రాశారు? పైకొచ్చాక శాలువా కప్పడం తేలిక, పైకి రావడానికి దారి ఇవ్వడమే కష్టం.

స్కాలర్‌షిప్పుని తెలుగులో ఉపకారవేతనం అంటున్నాం. ఆ ఉపకారం అనే మాట నాకు నచ్చదు. ఆడపిల్ల గొంతుకి దక్కాల్సింది దక్కడం ఉపకారం ఎలా అవుతుంది?

తిరువయ్యారులో నాగరత్నమ్మకి విగ్రహం ఉంది, దండలకి లోటు లేదు. మీ ఊళ్ళో గాయనుల పేర సభలు జరిగితే వెళ్ళండి. ఈ ఏడు ఎంతమంది ఆడపిల్లల్ని చదివిస్తున్నారు, ఎంతమందికి పాట నేర్పిస్తున్నారు అని అడగండి. నవ్వుతారు. నవ్వనివ్వండి, మళ్ళీ అడగండి.