మద్రాసు దీపాలు – మన సందులు

హీరోగారు పల్లెటూరు విడిచి మద్రాసు చేరాడని చూపించడానికి మన డైరెక్టర్లకు ఒకప్పుడు రెండే రెండు షాట్లు. ఒకటి సెంట్రల్ స్టేషన్ గడియారం. రెండోది మౌంట్ రోడ్డు మీది ఎల్.ఐ.సి. బిల్డింగు, కింద నుంచి పైకి. ఆ రెండూ తెర మీద పడ్డాయంటే చాలు, నేల టిక్కెట్టు వాడికి కూడా తెలిసిపోయేది – ఇక కుర్రాడి పెట్టె ఎవడో కొట్టేస్తాడని!

ఆ రెండు షాట్లనూ ఈమధ్య డబ్బిచ్చి మరీ చూసొచ్చాను. సాయంత్రం ఐదున్నరకు సెంట్రల్ దగ్గర ఎక్కించుకుని, దీపాలు పెట్టాక ఊరంతా తిప్పి, రాత్రి తొమ్మిదికి టి.నగర్‌లో దింపేస్తారు. పన్నెండు సీట్ల వ్యాను, మైకు పట్టుకున్న గైడు, మనిషికో మంచినీళ్ళ సీసా. ఊరి పేరు 1996లోనే చెన్నై అయింది గానీ, సినిమా వాళ్ళ నోట్లో మద్రాసు మద్రాసుగానే ఉండిపోయింది. నేనూ అలాగే రాస్తాను, చెన్నై పాఠకులు ఏమీ అనుకోవద్దు.

వ్యానులో తొమ్మిది మందిమి. పూనా నుంచి వచ్చిన కొత్త దంపతులు – వాళ్ళు ఊరు తప్ప అన్నీ చూసుకున్నారు. లక్నో కుటుంబం ఒకటి, నలుగురు. నేను. నా వెనక సీట్లో గుడివాడ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఓ పెద్దాయన, ఆయన మనవరాలు. ఆ అమ్మాయి ఇక్కడే ఏదో ఆఫీసులో పని చేస్తోందట. తాతయ్యకు ఊరు చూపిస్తానని టిక్కెట్లు కొంది. గైడు కుర్రాడిది మద్రాసే. ఇంట్లో మాట్లాడేది తెలుగు. కాకపోతే ఆ తెలుగు అరవ పంచె కట్టుకుని ఉంటుంది. "రైట్ సైడు చూడండి సార్, రిప్పన్ బిల్డింగు, 1913లో కట్టినారు" అంటుంటే నాకు మహా ముచ్చటేసింది.

రిప్పన్ బిల్డింగు దీపాల్లో నిజంగానే బాగుంటుంది. తెల్లటి భవనం మీద రంగు లైట్లు. దాని పక్కన 1873 నాటి సెంట్రల్, ఎర్రగా. గైడు సంవత్సరాలన్నీ తడుముకోకుండా చెప్పాడు. వంక పెట్టడానికి లేదు. కాకపోతే ఆ చుట్టుపక్కల జార్జ్ టౌన్‌లోనే కినిమా సెంట్రల్ అనే హాలుండేదనీ, 1931 అక్టోబర్ 31న 'కాళిదాస్' అందులోనే విడుదలయిందనీ, తెర మీద తెలుగు మాట వినపడింది ఆ బొమ్మలోనే మొదటిసారనీ ఆయన కాగితంలో లేదు. సరే, లక్నో వాళ్ళకెందుకులే అనుకుని ఊరుకున్నాను.

వ్యాను మౌంట్ రోడ్డెక్కింది. ఇప్పుడు దాన్ని అన్నా సాలై అనాలి. గైడు హిగ్గిన్‌బాథమ్స్ పుస్తకాల షాపు చూపించాడు, 1844 నాటిది. ఎల్.ఐ.సి. చూపించాడు, 14 అంతస్తులు, 1959. లక్నో పిల్లవాడు "ఇంతేనా?" అన్నాడు. వాడి తప్పేముంది! ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ అంతకు రెండింతలున్నాయి. కానీ నా వెనక పెద్దాయన మాత్రం కిటికీకి చెంప ఆనించి పైదాకా చూశాడు. షాటు పూర్తిగా తీసుకున్నాడన్న మాట.

అప్పుడడిగాడు. "బాబూ, గెయిటీ ఎక్కడుండేదయ్యా?"

"గెయిటీయా? అది క్లోజ్ అయిపోయి శానా రోజులయ్యింది తాతగారూ."

"మూసేశారని తెలుసులేవయ్యా. ఎక్కడుండేదీ అని."

కుర్రాడు నా వంక చూశాడు, నేను సినిమా పత్రికలో రాస్తానని ముందే చెప్పుకున్నాను గనక. ఇక నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు. మన మచిలీపట్నం వాడు, ఫొటోగ్రఫీ పనిమీద మద్రాసులో స్థిరపడ్డ రఘుపతి వెంకయ్య నాయుడుగారు 1914లో గెయిటీ కట్టించింది ఈ పక్కనే, మౌంట్ రోడ్డు నుంచి చీలే బ్లాకర్స్ రోడ్డులో. దక్షిణాదిలో మన దేశస్థుడు కట్టించిన మొదటి సినిమా హాలు అదేనంటారు. అంతకు ఏడాది ముందే, 1913లో, దొరలు ఎలక్ట్రిక్ థియేటరని ఒకటి పెట్టారు. ఆ కట్టడం ఇంకా ఉంది, మౌంట్ రోడ్డు పోస్టాఫీసు ఆవరణలో, తపాలా బిళ్ళలు సేకరించే వాళ్ళ కోసం పెట్టిన ఆఫీసుగా. గెయిటీని మాత్రం పడగొట్టేశారు. వెంకయ్యగారు కొడుకు ప్రకాశ్‌ని పై దేశాలకు పంపి సినిమా తీయడం నేర్పించారు. ఆ అబ్బాయి తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' 1921 నాటి మూకీ. ఆంధ్ర ప్రభుత్వం 1980లో ఆయన పేరున అవార్డు పెట్టింది. మొదటిది ఎల్.వి.ప్రసాద్‌గారు అందుకున్నారు. ప్రసాద్‌గారెవరు? ఇందాక చెప్పానే, ఆ 'కాళిదాస్'లో వేషం వేసిన మనిషే!

ఇదంతా ఒక్క ట్రాఫిక్ సిగ్నల్లో చెప్పేశాను. అంతసేపు పడింది ఎర్రదీపం. గైడు కుర్రాడు "ఆ పేరు ఇంకొక తూరి చెప్పండి సార్" అని, తన కాగితం వెనక రాసుకున్నాడు. ఇంగ్లీషులో రాసుకున్నాడనుకోండి, అయినా రాసుకున్నాడు.

అదే రోడ్డు మీద, ఇంకా ముందుకు పోతే, 1964లో సఫైర్ వచ్చింది. ఒకే కప్పు కింద మూడు హాళ్ళు – సఫైర్, బ్లూ డైమండ్, ఎమరాల్డ్. ఇవాళ మల్టీప్లెక్సు అని గొప్పగా చెప్పుకునే సరుకు అప్పటికే అక్కడ ఉండేది. బ్లూ డైమండ్‌లో ఆట ఆగేది కాదు. ఎప్పుడైనా వెళ్ళి ఎంతసేపైనా కూర్చోవచ్చు. మద్రాసు ఎండకు చల్లగాలి మిషను కోసమే టిక్కెట్టు కొన్న అసిస్టెంటు డైరెక్టర్లు ఎందరో! 1994లో మూసేశారు. మా వ్యాను అంతదాకా పోలేదు. స్పెన్సర్ దగ్గర వెనక్కి తిరిగి మెరీనా దారి పట్టింది.

మెరీనాలో పొద్దు గుంకడం చూడాలని ఎవరైనా అంటే నమ్మకండి. సముద్రం తూర్పున, సూర్యుడు మన వీపు వెనక మునుగుతాడు. నీళ్ళు నీలం నుంచి బూడిద, బూడిద నుంచి నలుపు అవుతాయి, అంతే. కానీ ఆ నలుపు మొదలవగానే సుండల్ బళ్ళ మీద లైట్లు, అటు నేపియర్ వంతెన మీద లైట్లు, దీపస్తంభం తిరగడం... అది చూడాల్సిందే.

ఇక్కడ గైడు గొంతు మారిపోయింది. మారదు మరి! ఈ ఇసుకలో నలుగురు ముఖ్యమంత్రుల సమాధులున్నాయి – అన్నాదురై (1969), ఎం.జి.ఆర్. (1987), జయలలిత (2016), కరుణానిధి (2018). నలుగురూ సినిమా వాళ్ళే. అన్నా 'వేలైక్కారి' రాశారు. కరుణానిధి 'పరాశక్తి'కి డైలాగులు రాశారు. మిగతా ఇద్దరి సంగతి చెప్పక్కర్లేదు. జయలలిత మనకు కొత్తేమీ కాదు, 'మనుషులు మమతలు' (1965), 'గూఢచారి 116' (1966) చూసిన వాళ్ళు ఈ పేజీ చదివే వాళ్ళలో చాలామందే ఉంటారు. ప్రపంచంలో ఇంకే ఊళ్ళోనైనా బీచికి పోతే ఇద్దరు రచయితలు, ఒక హీరో, ఒక హీరోయిన్ ముఖ్యమంత్రులై నిద్రపోతూ కనిపిస్తారా? నాకు తెలిసి లేరు. దీపాలు, పూలు, జనం, పల్లీలు.

"మావాడు హుస్సేన్ సాగరు ఒడ్డున ఉన్నాడు" అన్నాడు పెద్దాయన, ఎవరూ అడక్కుండానే. ఎవరంటున్నాడో మీకు అర్థమయ్యే ఉంటుంది.

శాంతోమ్, మైలాపూరు కపాలీశ్వరుడి గోపురం, ఒక ఫిల్టర్ కాఫీ – వీటి గురించి ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. కాఫీ బాగుంది. టి.నగర్‌కు వద్దాం.

పెద్దాయన ఈ ఊరికి ఇంతకుముందు ఒకే ఒక్కసారి వచ్చాడట, 1969లో. అప్పుడు ఇరవయ్యేళ్ళు. ఎలా వచ్చాడని అడగనక్కర్లేదు. ఆ రోజుల్లో కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి తిరపతి యాత్ర బస్సులు బయల్దేరితే, కొండ మీద గుండు కొట్టించుకుని నేరుగా మద్రాసు వచ్చేవి. ప్రోగ్రాం ముందే ఖాయం – బతికిన కాలేజీ, చచ్చిన కాలేజీ, మెరీనా, రామారావుగారి ఇల్లు. బతికిన కాలేజీ అంటే జంతు ప్రదర్శనశాల, చచ్చిన కాలేజీ అంటే ఎగ్మూరు మ్యూజియం. ఈ పేర్లు పెట్టిన వాడెవడో గానీ వాడికి దణ్ణం పెట్టాలి. గైడు ఎవరయ్యా అంటే బస్సు క్లీనరే. మైకు లేదు, గొంతుంది.

'శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం' 1960లో వచ్చింది. కొండ మీద చూసిన స్వామి, బజుల్లా రోడ్డులో పొద్దున్నే షూటింగుకు బయల్దేరుతూ గేటు దగ్గరికొచ్చి నమస్కారం పెడితే గుండు జనం ఏమైపోతారు చెప్పండి! మద్రాసులో సైట్ సీయింగ్ అనే మాట ఎవరు కనిపెట్టారో నాకు తెలియదు, దాన్ని బస్సుల లెక్కన జరిపించిన వాళ్ళు మాత్రం మన వాళ్ళు.

"ఏం కనపడింది మాస్టారూ?" అన్నాను.

"తెల్ల పంచె కనపడిందండీ. ముందు నుంచున్న వాడు పొడుగు. పంచే కనపడింది."

గైడు కాగితంలో బజుల్లా రోడ్డు లేదు. హబీబుల్లా రోడ్డు లేదు, సావిత్రి ఉన్నది అక్కడే. పానగల్ పార్కు పేరు ఉంది గానీ, "షాపింగ్ చేసుకోవచ్చు" అని ఉంది. కాళహస్తి వైపు తెలుగు జమీందారు, మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన పానగల్లు రాజా పేరది. వేషాల కోసం, పాటల కోసం వచ్చి ఆ బెంచీల మీద సాయంత్రాలు గడిపిన మన వాళ్ళను లెక్కపెడితే ఒక సంచిక చాలదు. ఘంటసాల 1974లో, ఎస్.వి.రంగారావు అదే ఏడు, సావిత్రి 1981లో కన్ను మూసింది ఈ ఊళ్ళోనే. ఇళ్ళు ఇక్కడ, స్టూడియోలు ఇక్కడ, చావులూ ఇక్కడే. అన్నపూర్ణ స్టూడియో 1976లో హైదరాబాదులో లేచాక, ఒకరి తర్వాత ఒకరు సామాను సర్దుకున్నారు. మనం ఖాళీ చేసి వెళ్ళిన ఇంట్లో మన ఫొటో ఎందుకు పెట్టలేదని ఇంటాయన్ని అడిగితే బాగుంటుందా? తమిళులు తమ వాళ్ళకు దీపాలు పెట్టుకున్నారు. మన ఫిలిం ఛాంబర్లూ, సంఘాలూ, ఏటేటా సన్మానాలు చేసుకునే మన పెద్దలూ కలిసి అడిగితే బ్లాకర్స్ రోడ్డు మొగలో, బజుల్లా రోడ్డు మొగలో, వడపళనిలో తలా ఒక రాతి పలక నిలబెట్టడానికి ఎంతవుతుంది? ఒక ఆడియో ఫంక్షను పూలదండల ఖర్చు అవదు.

తొమ్మిదయింది. పూనా దంపతులూ, లక్నో వాళ్ళూ పానగల్ పార్కు దగ్గర దిగిపోయారు. పెద్దాయన దిగలేదు.

"వడపళని ఎంత దూరమయ్యా?"

"దగ్గరేనండీ. కానీ రూట్లో లేదు."

మనవరాలు "తాతయ్యా, రేపు మెట్రోలో పోదాం" అంది. ఆయన కదల్లేదు. కుర్రాడు డ్రైవరుతో అరవంలో ఏదో గొణిగాడు. వ్యాను కోడంబాకం వంతెన ఎక్కింది. ఈ వంతెన రాకముందు ఇక్కడ రైలు గేటుండేది. గేటు దాటితే సినిమా ప్రపంచం, ఇవతల మామూలు ప్రపంచం. చెప్పులరిగిన వాళ్ళంతా ఆ గేటు పేరు చెప్పుకునే వాళ్ళు.

ఆర్కాట్ రోడ్డు నెత్తిన ఇప్పుడు మెట్రో వంతెన. ఏ.వి.ఎం. పేరు చెప్పగానే పెద్దాయన 'భూకైలాస్' (1958), 'భక్త ప్రహ్లాద' (1967) రెండూ ఏ హాల్లో చూశాడో చెప్పాడు. విజయా వారి ఆస్పత్రి వచ్చింది, నాగిరెడ్డిగారు 1972లో పెట్టింది. దాని పక్కన 2013లో తెరిచిన మాలు. పేరులో విజయా ఉంది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్ద స్టూడియో అని చెప్పుకున్న విజయా వాహినీ నేల ఇదే. 'పాతాళభైరవి' (1951) ఇక్కడే, 'మాయాబజార్' (1957) ఇక్కడే. పడవ పాటలో మార్కస్ బార్ట్లీ పట్టిన వెన్నెల చూసి, మా ఊళ్ళో వెన్నెల ఎందుకిలా లేదని చిన్నప్పుడు దిగులుపడ్డ వాళ్ళలో నేనూ ఒకణ్ణి. మాలు ముందు అన్ని దీపాలు వెలుగుతున్నాయి, నీడ పడ్డానికి జాగా లేదు. పైన సినిమా హాళ్ళున్నాయి. ఆ మాట చెబితే పెద్దాయన ముఖం కాస్త తేటపడింది. "పోన్లే, తీసిన చోటే ఆడుతున్నాయన్న మాట!"

లోపలికి వెళ్ళాం. ఎస్కలేటర్ చూసి ఆయన ఆగాడు. అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

"తాతయ్యా, మాయాబజార్ తీసింది ఇక్కడా?"

"ఇక్కడే. నువ్వెక్కబోతున్నావే, అక్కడ ద్వారక ఉందనుకో."

ఆ అమ్మాయి ఎస్కలేటరుకు ఫొటో తీసింది. నలుగురైదుగురు తిరిగి చూశారు, ఏముంది ఇందులో అన్నట్టు. తర్వాత తాతయ్యను దాని మీద నిలబెట్టి ఇంకోటి తీసింది. వెనకనుంచి గైడు కుర్రాడొచ్చాడు. జేబులో కాగితం తీసి, రఘుపతి వెంకయ్య పేరు కింద "మాయాబజార్ – ఏ ఇయర్ అన్నారు సార్?" అనడిగాడు. బయట డ్రైవరు హారన్ కొడుతున్నాడు.