ఎవరికీ తెలియని ఊరట! ఎవరికి తెలియదు?

పోస్ట్ పెద్దగైంది. సగం చదివి కామెంట్ పెట్టకుండ్రి, మొత్తం చదివినంక తిట్టుండ్రి.

మొన్న ములుగు దిక్కు అన్న ఒకాయన మన గ్రూపుల ఒక పోస్ట్ పెట్టిండు. చాలామంది లైక్ కొట్టిండ్రు, సగం మంది "సూపర్ అన్నా" అన్నరు. లక్నవరం చెరువుల దీవుల మీద కాటేజీలు కట్టినంక హైదరాబాద్ నుంచి జనం ఎట్ల ఎగబడుతున్నరో చూడండి, 2024 నవంబర్‌ల మూడో దీవి కూడా తెరిచిండ్రు, మన గూడేలు అంతకన్న అందంగుంటయి, ఎవరికీ తెలియవు అంతే, అని రాసిండు. ఫిజీ, మాల్దీవుల్లో మారుమూల పల్లెలు కూడా టూరిజంతోని బాగుపడ్డయి, మనమే పెట్టుబడిదారులను పిలవాలె, 1/70 చట్టం అడ్డమొస్తున్నది కాబట్టి దాన్ని కొంచెం సడలించాలె, కనీసం 99 ఏండ్ల లీజుకన్న ఒప్పుకోవాలె అన్నడు.

ఆ అన్న మీద నాకు కోపం లేదు. ఇంటర్ అయినంక నా దోస్త్ అప్లికేషన్ ఫోన్‌ల దగ్గరుండి నింపిచ్చింది ఆయనే. మా ఇంట్ల డిగ్రీ అంటే ఏందో తెలిసినోళ్లు లేరు. ఆయన లేకుంటే నేను ఈ హాస్టల్‌ల ఉండేటోణ్ణి కాదు. కాని ఈ ముచ్చట్ల ఆయన తప్పు. ఎందుకు తప్పో బొల్లారంల కూసొని చెప్తున్న.

బొల్లారం కూడా ఒకప్పుడు ఎవరికీ తెలియని ఊరే గదా! జొన్న, కంది, చెరువు, కొన్ని ఇండ్లు. పెట్టుబడి అన్నరు, పరిశ్రమ అన్నరు, ఊరోళ్లకు ఉద్యోగాలు అన్నరు. ఇప్పుడు అందరికీ తెలుసు. 1990ల సుప్రీంకోర్టు దాకా పోయిన కాలుష్యం కేసుల పటాన్‌చెరు, బొల్లారం పేర్లున్నయి. 2009ల కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంల తీవ్రంగా కలుషితమైన ప్రాంతాల లిస్టు తీస్తే అండ్ల మన పేరున్నది. 2007ల స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్ష చేస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. అది యాంటీబయాటిక్. ఆ మందు మింగిన మనిషి రక్తంల ఉండేదానికన్న అది ఎక్కువ. "శుద్ధి చేసిన" నీళ్లు అవి! రాత్రి పదకొండు దాటినంక మా హాస్టల్ కిటికీలు మూసుకుంటం. ఎండకాలం కూడా మూసుకుంటం. ఎందుకో ఇక్కడున్నోళ్లకు చెప్పనవసరం లేదు.

కాటేజీలు కంపెనీలు ఒకటేనా అని అడుగుతరు. ఒకటి కాదు. పొగ రాదు, వాసన రాదు. కాని భూమి చేయి మారే పద్ధతి ఒకటే. అది మా తండాల చూసిన.

మాది నారాయణఖేడ్ దిక్కు. షెడ్యూల్డ్ ఏరియా కాదు, అందుకని మాకు 1/70 వర్తించదు. అన్నా, నువ్వు కోయ, నేను లంబాడా. ఎస్టీ జాబితా మీద మన మధ్యన ఉన్న పంచాయితీ గ్రూపుల అందరికీ తెలుసు, దాన్ని ఇక్కడ తెరవను. "ఆ చట్టం లేని నువ్వు దాని గురించి మాట్లాడుడేంది" అని ఎవరన్న అంటరేమో. అది లేని ఊరు ఎట్లుంటదో చూసినోణ్ణి కాబట్టే మాట్లాడుతున్న.

మా బాపు ప్రతి ఏడు దసరా అయినంక చెరుకు కొట్టనికి పోయేటోడు. యాడి కూడా పోయేది. నేను, చెల్లె దాది దగ్గరుండేటోళ్లం. నేను ఏడో తరగతిల ఉన్నప్పుడు కారుల ఇద్దరొచ్చిండ్రు. మా చెలక గట్టున నిలబడి "ఎంత బాగుంది వ్యూ" అన్నరు. వ్యూ అంటే ఏందని బాపు నన్నడిగిండు, నాకూ సరిగ్గ తెల్వదు. రెండెకరాలు అమ్మినం. అప్పు తీరింది, అక్క పెండ్లి అయింది, ఒక బండి వచ్చింది. అబద్ధం చెప్పను, ఆ పైసలు లేకుంటే నా ఇంటర్ కూడా అయ్యేది కాదు. ఆ కొన్నోళ్లు ఇంకో పదిమంది భూమి కూడా కలుపుకుని ప్రహరీ కట్టిండ్రు, ఫామ్ ప్లాట్లు చేసిండ్రు, మధ్యల నాలుగు కాటేజీలు, ఒక ఈత కొలను. బాపు కొన్నాళ్లు అండ్లనే వాచ్‌మెన్ చేసి, జీతం సరిగ్గ ఇయ్యకపోతే బొల్లారం వచ్చి కాంట్రాక్ట్ లేబర్ల చేరిండు. యాడి ఇప్పటికీ ఆ కాటేజీలు ఊడుస్తది.

పోయిన సంక్రాంతికి ఇంటికి పోతే యాడి ఫేటియా, కాంచళి తొడుక్కుని, టుక్రి కప్పుకుని పనికి బయలుదేరింది. యాడి చీర కట్టవట్టి పదిహేనేండ్లు దాటింది. పండుగని అనుకున్న. కాదట. శనివారం, ఆదివారం గెస్టులొస్తరు, "ట్రైబల్ డ్రెస్‌ల" ఉంటే ఫొటోలు దిగుతరు, ఆ రోజులకు యాభై రూపాయలు ఎక్కువ ఇస్తరట. ఆ బట్టలు మా దాది చేతితోని కుట్టినవి, అద్దాలు పెట్టినవి. నేను ఏం మాట్లాడలే. యాభై రూపాయలు ఎందుకు కావాలో నాకు తెలుసు, నా మెస్సు ఖర్చులు నాకు తెలుసు.

ఆ గేటు బయట బోర్డు మీద తండా పేరు లేదు. వాళ్ల వీడియోల మా ఊరును "ఎవరికీ తెలియని ఊరు" అన్నరు. మూడు తరాలుగా మేము ఉన్నం అక్కడ.

ఇప్పుడు అన్న చెప్పిన లీజు సంగతికొస్త. చాలామంది 1/70 అంటే "అమ్మరాదు" అనే చట్టం అనుకుంటున్నరు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970ల సవరించిండ్రు, అదే 1/70. షెడ్యూల్డ్ ఏరియాల భూమి గిరిజనేతరుల చేతికి పోవుడు చెల్లదని అది చెప్తది. అమ్మకం ఒక్కటే కాదు, కుదువ, లీజు, దానం, బినామీ, అన్నీ బదలాయింపు కిందికే వస్తయి. లీజును ఎందుకు కలిపిండ్రు? షావుకారు ఎప్పుడూ భూమి కొంటున్న అనలేదు, "నీ అప్పు తీరేదాక నేను దున్నుకుంట" అనే అన్నడు. 99 ఏండ్లు అంటే నా మనుమని కొడుకు కూడా ముసలోడైతడు. దాన్ని లీజు అనుడెందుకు, అమ్మకం అనక!

బొర్రా గుహలు చూసొచ్చినోళ్లు మనలో చాలామంది ఉన్నరు. కాలేజీ టూరుల రైలెక్కి పోతరు, గుహల సెల్ఫీ దిగుతరు, బయట బొంగు చికెన్ తింటరు. ఆ అనంతగిరి మండలం గూడేల గనుల లీజుల మీదనే సమత కేసు నడిచింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ఏరియాల భూమిని ప్రైవేటు గిరిజనేతరులకు లీజుకిచ్చే హక్కు సర్కారుకు కూడా లేదు అన్నది, సర్కారు కూడా చట్టం కింద ఒక "వ్యక్తి"నే అన్నది. అంత పెద్ద తీర్పు తెచ్చిన కొండ దగ్గర నిలబడి మనం రీల్ చేసుకుని వస్తున్నం. నేనూ అట్లనే చేసిన, ఫస్టియర్‌ల.

సడలింపు మాట కూడా కొత్తది కాదు. 2025 జనవరి చివర్ల విశాఖల టూరిజం పెట్టుబడుల సదస్సు అయింది. అక్కడ ఆంధ్ర అసెంబ్లీ స్పీకర్ అయ్యన్నపాత్రుడు ఏజెన్సీల టూరిజం పెరగాలంటే 1/70ని సవరించాలె అన్నట్టు మాట్లాడిండు. ఫిబ్రవరి 11, 12 తారీఖుల్ల మన్యం బంద్ అయింది. పాడేరు, అరకు దిక్కు దుకాణాలు మూసిండ్రు, బండ్లు ఆపిండ్రు. ముఖ్యమంత్రి చంద్రబాబు 1/70 జోలికి పోమని చెప్పుకోవాల్సి వచ్చింది. అక్కడి గిరిజన సంఘాలు రోడ్డెక్కి ఆపిన మాటను ఇక్కడ మన గ్రూపుల మనోడే లైకుల కోసం పెడితే ఎట్లన్నా?

ఇగ ఫిజీ. ఈ ముచ్చట నువ్వు తెచ్చినవ్ కాబట్టి నేను కూడా కొంచెం చదివిన. ఫిజీల పల్లెలు టూరిజంతోని సంపాదిస్తున్నయి, నిజం. 99 ఏండ్ల లీజులు ఉన్నయి, అదీ నిజం. కాని ఆ దేశంల దాదాపు 87 శాతం భూమి అక్కడి ఆదివాసులది, ఐతౌకేయి అంటరు. ఆ భూమిని ప్రైవేటోళ్లకు అమ్మరాదు. 1940 నుంచి ఒక ట్రస్టు బోర్డు ఉన్నది, లీజులు చాలామటుకు దాని ద్వారానే ఇస్తరు. ఒక్క పేదోణ్ణి పట్టుకుని సంతకం పెట్టించుకునే తీరు లేదు. భూమి ఒక వంశం మొత్తానిది, కౌలు పైసలు ఆ వంశానికి వస్తయి. అంటే నువ్వు ఉదాహరణగా చూపెట్టిన దేశం ముందుగాల 1/70 లాంటి దాన్ని గట్టి చేసుకుంది, తర్వాతనే టూరిస్టును పిలిచింది. నువ్వు ముందు దాన్నే తీసేద్దామంటున్నవ్.

అక్కడ అంతా బంగారమని కాదు. 2011 దాకా కౌలు పైసల్ల పెద్ద వాటా చీఫ్‌లకే పోయేది. ఇంకో సంగతి, మనకు చేదైనది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా విశాఖ, గోదావరి, కృష్ణా దిక్కుల తెలుగోళ్లు కూలి ఒప్పందం మీద ఫిజీ చెరుకు తోటలకు పోయిండ్రు. వాళ్ల మనుమలు ఐతౌకేయి భూములను 30 ఏండ్ల కౌలుకు చేసిండ్రు. 1997 నుంచి ఆ కౌళ్లు అయిపోతుంటే మస్తు కుటుంబాలు తోటలు వదిలి పోవాల్సి వచ్చింది. చదువుతుంటే నేను ఎవరి పక్షమో నాకే సమజ్ కాలే. చెరుకు కొట్టినోళ్ల కొడుకును నేను. భూమి కాపాడుకోవాలనేటోణ్ణి కూడా నేనే. ఇప్పటికీ తేల్చుకోలే. ఒకటి మాత్రం తెలిసింది, కాగితం మీద ఎవరి పేరుంటే చివరికి ఉండేది వాళ్లే.

ఇంకో మాట కూడా చదివిన, మస్తు నచ్చింది. ఫిజీ పల్లెకు పోయినోడు ముందుగాల ఊరి పెద్ద దగ్గర కూసొని యంగోనా అనే వేరు కట్ట పెట్టి, మీ ఊర్లకు వస్తున్న అని అడగాలె. సేవుసేవు అంటరు. ఊర్ల టోపీ కూడా తీసెయ్యాలె. మన దగ్గర? డ్రోన్ ఎగరేసి ఇండ్ల మీద నుంచి వీడియో తీస్తరు, స్నానం చేసే తడికల మీద నుంచి కూడా పోతది. మాల్దీవులైతే ఇంకో తీరు. 2009 దాకా చాలా ఏండ్లు జనం ఉండే దీవుల్ల గెస్ట్‌హౌస్ పెట్టనియ్యలేదు, రిసార్టులన్నీ వేరే దీవుల్లనే. పైసలు ఊరిని చూడకుండనే పోయినయి.

"అయితే ఎవర్నీ రానియ్యొద్దా, మనం గుడిసెల్లనే ఉండాల్నా?" అని కామెంట్ వస్తది, నాకు తెలుసు. రానియ్యండి. మన ఇంట్లనే రెండు అర్రలు సాఫ్ చేసి, జొన్న రొట్టె పెట్టి, పైసలు తీసుకోండి. రేటు మనం చెప్పాలె, ఫొటో దిగాల్నా వద్దా మనం చెప్పాలె. అరకు కాఫీ చూడండి. 2017ల పారిస్‌ల దాని దుకాణం తెరిచిండ్రు, 2019ల అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. తోటలు గిరిజన రైతుల చేతుల్లనే ఉన్నయి. పెట్టుబడి పంట మీదికి వచ్చింది, మార్కెట్ మీదికి వచ్చింది, పట్టా మీదికి రాలే. పెట్టుబడి పెట్టేటోడు నిజంగ ఊరు మీద ప్రేమతోని వస్తే రోడ్డు మీద పెట్టమను, వంట నేర్పమను, సంఘానికి అప్పియ్యమను. భూమే ఎందుకు కావాలె వానికి?

బ్యాంకులు ఏజెన్సీ భూమి మీద అప్పియ్యనికి వెనకాడతయని అన్న రాసిన మాట మాత్రం నిజమే. దాని మీద కొట్లాడుదాం, ఐటీడీఏను అడుగుదాం, నేను ముందుంట. భూమి పోగొట్టుకునే హక్కు కోసం కొట్లాడుడు మాత్రం నాతోని కాదు.

లగచర్ల గుర్తున్నదా? 2024 నవంబర్. వికారాబాద్ జిల్లాల ఫార్మా కోసం భూములడిగితే రోటిబండ తండా ఆడోళ్లు ఢిల్లీ దాకా పోయిండ్రు. ఆ ఫార్మా నోటిఫికేషన్ వెనక్కి పోయింది, మళ్లీ ఇండస్ట్రియల్ పార్క్ పేరుతోని వచ్చింది. 1/70 లేని తండా ఒకసారి గెలిచినా మళ్లీ మొదటి నుంచి కొట్లాడాలె.

ఇదంతా ఇప్పుడే ఎందుకు రాసిన అంటే, మా దాది పేరు మీద ఇంకా ఎకరం ఇరవై గుంటలు ఉన్నది. అసైన్డ్ భూమి, సర్కారు ఇచ్చింది. 1977 చట్టం ప్రకారం అమ్మరాదు, లీజుకు ఇయ్యరాదు. ఆ కాటేజీలోళ్లు దాని పక్కకు పెంచుతరట. మా కాకాకు 33 ఏండ్ల అగ్రిమెంట్ అని స్టాంపు కాగితం ఇచ్చిపోయిండ్రు, సగం ఖాళీ ఉన్నదట. కాకాకు అప్పున్నది. దాదికి కండ్లు సరిగ్గ కనిపించవు, వేలిముద్ర వేస్తది. నిన్న కాకా ఫోన్ చేసి "నువ్వు చదువుకున్నోనివి గదా, వచ్చి చదివి చెప్పు" అన్నడు.

ఆదివారం పొద్దుగాల మొదటి బస్సుకు పోతున్న. అసైన్డ్ భూమి మీద ఎమ్మార్వో ఆఫీసుల దరఖాస్తు ఎట్ల రాయాలో తెలిసినోళ్లు, ఇట్లాంటి అగ్రిమెంట్ చదివినోళ్లు ఎవరన్న ఉంటే శనివారం రాత్రిలోపల మెసేజ్ పెట్టుండ్రి. ములుగు అన్నా, నువ్వు కూడా. నన్ను తిట్టినా సరే, దరఖాస్తు రాయనికి మాత్రం సాయం చెయ్యి.