రెండో సిలిండరు
ధనుర్మాసం చలికి రాజాం చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఇళ్ల స్నానాల నీళ్లు ఇప్పటికీ పెరట్లో కట్టెల పొయ్యి మీదే కాగుతాయి. మసిబట్టిన కాగు, కింద తాటిమట్టలు, ఊదుగొట్టంతో దగ్గుతూ అమ్మ. లోపల గ్యాసుంది, అయిపోతుందని భయం. ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లిచ్చే దీపం-2 పథకం 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలోనే మొదలైంది. మంచి పనే. అయితే ముందు మనమే డబ్బు కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుందన్నారు. కూలి చేసుకునే ఇంట్లో ఆ ముందు డబ్బే కష్టం. పోనీ కరెంటు పొయ్యి కొనుక్కుందామా అంటే, కరెంటునూ నమ్మలేం: 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు అదే జిల్లాలోని ఉద్దానం ప్రాంతం రోజుల తరబడి చీకట్లో మగ్గింది. నన్నడిగితే ప్రతి పేదింట్లో 14.2 కిలోల రెండో సిలిండరు నిండుగా ఉండాలి. దాని డిపాజిట్టు ప్రభుత్వమే కట్టాలి.