ఒక పూట పాఠం

అమెరికాలోని టెక్సస్‌లో 2021 ఆగస్టు దాకా పిస్తోలు నడుముకు పెట్టుకుని వీధిలో తిరగాలంటే లైసెన్సు ఉండాలి. దానికోసం వేలిముద్రలు ఇవ్వాలి, 4 నుంచి 6 గంటలు తరగతిలో కూర్చోవాలి, పరీక్ష రాయాలి. 3, 7, 15 గజాల దూరం నుంచి మొత్తం 50 తూటాలు కాల్చి గురి చూపించాలి. ఆ తరగతిలో ఏమేం చెప్పాలో చట్టంలోనే రాసి ఉంది. ఆయుధాల చట్టాలు, ప్రాణం తీసే బలం ఎప్పుడు వాడవచ్చు, తుపాకీ ఎలా పట్టుకోవాలి, పసిపిల్లల చేతికి అందకుండా ఎలా దాచాలి... వీటి సరసనే ఇంకో అంశం కూడా ఉంది: తగవును హింస లేకుండా తీర్చుకోవడం. ఆయుధం వెంట పెట్టుకునే మనిషికి, దాన్ని బయటకు తీయకుండానే గొడవలోంచి బయటపడే దారి కూడా తెలియాలని ఆ చట్టం రాసినవారు తలచారు. ఎంతో పెద్ద మనసున్న ఆలోచన అది.

2021 సెప్టెంబరు 1 నుంచి ఆ పాఠం ఐచ్ఛికమైంది. గవర్నర్ గ్రెగ్ ఆబట్ సంతకం చేసిన కొత్త చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండి, తుపాకీ ఉంచుకోవడానికి చట్టపరమైన అడ్డంకి లేనివారు ఏ అనుమతీ లేకుండా దాన్ని వెంట పెట్టుకునే వీలు వచ్చింది. కావాలనుకున్నవారికి లైసెన్సు ఇప్పటికీ ఇస్తున్నారు. ప్రజాభద్రతా శాఖ ఆన్‌లైన్‌లో ఉచిత పాఠం పెట్టాలని కూడా ఆ చట్టమే చెప్పింది. అయితే, చూసి తీరాలన్న నిబంధన లేదు.

ఈ బాట టెక్సస్‌తో మొదలైంది కాదు. వెర్మాంట్‌లో రట్లండ్ నగరం ఇలాంటి అనుమతి నిబంధన పెడితే 1903లోనే రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. 2003లో అలాస్కా, 2010లో అరిజోనా అదే దారి పట్టాయి. ఆ తర్వాత వేగం పెరిగింది. 2022లో ఒహాయో 8 గంటల శిక్షణ నిబంధనను తీసేసింది. రోడ్డు మీద కారు ఆపిన పోలీసుకు తన దగ్గర తుపాకీ ఉందని ముందుగా చెప్పాల్సిన బాధ్యతను కూడా తొలగించి, అడిగితే చెబితే చాలంది. 2024 జులైలో లూసియానా చట్టం అమల్లోకి రావడంతో 50 రాష్ట్రాల్లో ఇలాంటివి 29 అయ్యాయి. అక్కడ 18 ఏళ్లు నిండితే చాలు. ఉత్తర కరోలినాలో ఇలాంటి బిల్లునే గవర్నర్ జోష్ స్టైన్ 2025 జూన్‌లో వీటో చేశారు.

అనుమతి వద్దనే వారి మాటలో బలం లేకపోలేదు. 1956లో అలబామాలోని మాంట్‌గోమరీలో తన ఇంటిపై బాంబు పడ్డాక మార్టిన్ లూథర్ కింగ్ తుపాకీ అనుమతికి దరఖాస్తు చేసుకుంటే అధికారులు తిరస్కరించారు. అధికారి ఇష్టాయిష్టాలకు వదిలేస్తే హక్కు ఎవరికి అందుతుందో, ఎవరికి అందదో చెప్పడానికి ఈ ఒక్క ఉదంతం చాలు. రాత్రి షిఫ్టు ముగించుకుని ఒంటరిగా ఇంటికి వెళ్లే మహిళకు ఫీజూ, వారాల నిరీక్షణా భారమే. న్యూయార్క్‌లో ప్రత్యేక అవసరం చూపిస్తేనే అనుమతి ఇచ్చే పాత చట్టాన్ని 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది కూడా. కానీ అందరికీ ఒకే కొలమానంతో ఇచ్చే లైసెన్సులనూ, శిక్షణ నిబంధననూ ఆ తీర్పు రద్దు చేయలేదు. పాఠాన్ని వదులుకున్న రాష్ట్రాలు తమంతట తామే వదులుకున్నాయి.

కాన్సస్‌లోని ఒలేతేను తెలుగువారు అంత తేలిగ్గా మరచిపోలేరు. 2017 ఫిబ్రవరి 22 సాయంత్రం ఒక బార్‌లో ఇద్దరు తెలుగు ఇంజనీర్లతో ఓ వ్యక్తి జాతి పేరెత్తి గొడవకు దిగాడు. బయటకు పంపిస్తే తుపాకీతో తిరిగొచ్చాడు. వారిలో ఒకరు మరణించారు, మరొకరు గాయపడ్డారు. తూటాలు అయిపోయాయనుకుని హంతకుడి వెంటపడిన మరో యువకుడికీ గుండు తగిలింది. అతని దగ్గర ఏ ఆయుధమూ లేదు. కాన్సస్ 2015లోనే అనుమతి నిబంధన తీసేసింది. అది ఉండి ఉంటే ఈ హత్య ఆగేదని అనలేం. ద్వేషంతో కళ్లు మూసుకుపోయినవాడికి ఏ పాఠమూ ఎక్కదు. కానీ వీధి గొడవలన్నీ ద్వేషంతో పుట్టవు. పార్కింగ్ స్థలం కోసం, హారన్ మోత మీద, తాగిన మైకంలో నోరుజారిన మాట మీద పుట్టే తగవులే ఎక్కువ. ఆ క్షణంలో వెనక్కి ఒక అడుగు వేయాలని ఎవరో ఒకప్పుడు చెప్పి ఉండటం అక్కరకొస్తుంది. 2021లో అమెరికాలో తుపాకీల వల్ల పోయిన 48,830 ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఆయుధాన్ని తాళం వేసి దాచమన్న మాట ఇంటింటికీ చేరడం ఎంత అవసరమో ఈ అంకె చెబుతోంది.

డాలస్ శివార్ల నుంచి అట్లాంటా దాకా ఈ రాష్ట్రాల్లోనే మన పిల్లలు చదువుతున్నారు, సంసారాలు పెట్టుకున్నారు. అనుమతి అక్కర్లేదన్న మాట విని పొరబడకూడదు. విద్యార్థి, ఉద్యోగ వీసాలపై ఉన్నవారు తుపాకీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం కొద్ది మినహాయింపులతో నిషేధిస్తోంది. పౌరసత్వం వచ్చి తుపాకీ కొనుక్కున్నవారు, చట్టం అడగకపోయినా ఆ శిక్షణ తీసుకోవాలి.

ఫీజు ఎత్తేయవచ్చు. గడువు పెట్టి జాప్యాన్ని నివారించవచ్చు. కాదనే అధికారం గుమాస్తా చేతిలో లేకుండా చేయవచ్చు. ఇవన్నీ చేసి కూడా శిక్షణను తప్పనిసరిగా ఉంచవచ్చు. ఒక పూట కూర్చుని వినడం వల్ల ఎవరి హక్కూ తరిగిపోదు. అదే వీధిలో ఆయుధం లేకుండా నడిచేవారికీ క్షేమంగా ఇల్లు చేరే హక్కు ఉంది. చట్టసభలు దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.