బ్యాంకు నోటీసుకు గ్రంథాలయంలో దారి దొరకాలి

సర్ఫేసీ చట్టం 13(2) సెక్షన్ కింద బ్యాంకు నోటీసు ఇచ్చాక బాకీదారుకు ఉండే గడువు 60 రోజులు. ఆలోగా బాకీ తీర్చకపోతే తాకట్టు ఇంటిని స్వాధీనం చేసుకోవడానికి బ్యాంకు ముందుగా దావా వేయనక్కర్లేదు. నోటీసుపై అభ్యంతరం రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలని, స్వాధీన చర్య మీద 45 రోజుల్లో రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చని, వ్యవసాయ భూమి జోలికి ఈ చట్టం రాదని ఆ ఇంట్లోవాళ్లు ఎక్కడ చదవాలి? ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను కడుతున్నారు కనుక, జిల్లా కేంద్ర గ్రంథాలయంలోనే చదవగలగాలి. పోటీ పరీక్షల పుస్తకాలకిచ్చే బీరువాల్లో ఒకటి బ్యాంకింగ్ చట్టాలకు కేటాయించాలి.

పుస్తకం ఉంటే చాలదు, అది ఏనాటిదో తెలియాలి. సర్ఫేసీ చట్టం 2002 నాటి ప్రతిలో 17(2) సెక్షన్ చదివినవాడు, బాకీలో 75 శాతం ముందే కడితే తప్ప ట్రైబ్యునల్ వినదనుకుని వెనుదిరుగుతాడు. ఆ షరతును సుప్రీంకోర్టు 2004లోనే మార్డియా కెమికల్స్ కేసులో కొట్టేసింది. బ్యాంకు జవాబివ్వాల్సిన గడువు కూడా 2013 సవరణకు ముందు వారమే. అట్ట నలగని పాత పుస్తకం ఇలాగే ముంచుతుంది. ఏ తేదీ వరకు సవరణలున్నాయో ప్రతి చట్ట పుస్తకం మొదటి పేజీలో ముద్ర వేయాలి. పాత ప్రతులను పారేయకుండా విడిగా ఉంచాలి. అప్పటి లావాదేవీల వివాదాలకు అప్పటి పాఠమే కావాలి.

తాజా పాఠానికి ఇండియా కోడ్ వెబ్‌సైట్ ఉంది. ఆ తర్వాత చూడాల్సినవి రిజర్వు బ్యాంకు మాస్టర్ డైరెక్షన్లు: 1949 బ్యాంకింగ్ నియంత్రణ చట్టం 35ఎ సెక్షన్ కింద రిజర్వు బ్యాంకు ఇచ్చే ఆదేశాలను బ్యాంకులు పాటించి తీరాలి. సుప్రీంకోర్టు తీర్పులు 2023 నుంచి ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితం. టన్నన్ వంటి పెద్ద వ్యాఖ్యాన గ్రంథాలు, చందా కట్టాల్సిన మనుపాత్ర వంటి డేటాబేసులు ఒక్కో జిల్లాకు భారమే. రాష్ట్రం మొత్తానికి ఒకే చందా ప్రభుత్వమే కట్టాలి.

గ్రంథపాలకుడు న్యాయ సలహా ఇవ్వనక్కర్లేదు. సెక్షన్ తెరిచి చూపించి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ చిరునామా చెబితే చాలు. ఆ మేరకు శిక్షణ పొందిన ఒక్క ఉద్యోగిని ప్రతి జిల్లా కేంద్రంలో ఈ ఏడాదే నియమించాలి.