పదకోశంలో అంటరానితనం

ఏ మాట శిష్టం, ఏ మాట గ్రామ్యం అన్న తీర్పు తెలుగునాట ఎన్నడూ కేవలం వ్యాకరణ విషయం కాదు. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి లక్షణవిరుద్ధమైన భాషను గ్రామ్యమన్నాడు. ఆ లక్షణాన్ని నిర్ణయించే పీఠాల దరిదాపులకు శ్రామిక కులాలను రానివ్వలేదు. ఇప్పుడు అదే తీర్పు యంత్రాల చేతికి చేరుతోంది.

2012లో మొదలైన వికీడేటా ఎవరైనా చేర్చగల, ఎవరైనా వాడుకోగల బహిరంగ సమాచార నిధి. 2018 నుంచి అది పదాలను కూడా వాటి రూపాలతో, అర్థాలతో నమోదు చేస్తోంది. అదే పదం ఇతర నిఘంటువుల్లో ఎక్కడున్నదో చూపే సూచికలకూ అందులో చోటుంది. 1999లో ఆరన్ పెకమ్ అనే అమెరికన్ విద్యార్థి ప్రారంభించిన అర్బన్ డిక్షనరీ వేరే తరహాది. అక్కడ అర్థం రాసేదీ, దానికి ఓటు వేసేదీ వాడుకరులే. ఈ రెంటినీ ముడివేయడం సాంకేతికంగా చిన్న పని, సామాజికంగా కాదు.

ముడి వేయవలసిందే. పండితుల అనుమతి కోసం ఆగని మాటలకు కూడా పదకోశంలో చోటుండాలని గిడుగు కాలం నుంచీ పోరాడుతున్నాం. అయితే ఓటుతో అర్థం తేలే చోట వెక్కిరింతే మొదటి అర్థంగా నిలబడవచ్చు. ఊళ్లో సంఖ్యాబలం బహుజనులదే కావచ్చు. తెర ముందు తీరికగా కూర్చునే అవకాశం మాత్రం అందరిదీ కాదు. మన సమాజంలో కులం పేరే తిట్టు. కులం పేరుతో దూషించడాన్ని అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రత్యేకంగా నేరమని పేర్కొన్నది. బహిరంగంగా అంటే నేరమయ్యే మాట, ఏ హెచ్చరికా లేకుండా నిఘంటువు సూచికగా మారితే, యంత్రానికి అది ఉత్త సమాచారమే.

రెండో ప్రమాదం ఇంతకన్నా సూక్ష్మమైనది. ఆరె, రంపె, లంద వంటివి చర్మకార వృత్తి పరిభాష. వాటిలో ఒక విజ్ఞానం ఉంది. ఇలాంటి మాటలకు యాసల నిఘంటువు ఒక్కటే ఆధారంగా చూపితే, పరిభాష కాస్తా యాసగా దిగజారుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం రైతుల నోటి మాటను శాస్త్రీయంగా సేకరించింది. ఆ గౌరవం ప్రతి వృత్తికీ దక్కాలి.

కనుక మన కోరికలు స్పష్టంగా ఉండాలి. సూచిక దారి చూపాలే తప్ప, అక్కడి వెక్కిరింతను అర్థంగా దిగుమతి చేయరాదు. తిట్టును తిట్టుగానే గుర్తించాలి. ఎవరు ఎవరిని అవమానించడానికి వాడారో చెప్పాలి. తిట్లను తుడిచేయడం పరిష్కారం కాదు, అది అవమాన చరిత్రకు సాక్ష్యాన్ని మాయం చేయడమే. ఓట్ల లెక్కను ప్రయోగానికి ఆధారంగా తీసుకోరాదు. దళిత కథలు, ఆత్మకథలు, వృత్తిపాటలు ఆధారాలు కావాలి.

ఈ పని చేయవలసినవారు ఆ భాష ఇంట్లో మాట్లాడే విద్యార్థులే. వికీడేటాలో పదం చేర్చడానికి పట్టా అక్కరలేదు, పీఠాధిపతి సంతకం అక్కరలేదు. తెలుగు శాఖలు ఒక్కో విద్యార్థికి ఒక్కో వృత్తి పదజాలాన్ని అప్పగించినా పని మొదలవుతుంది. మన మాటకు మనం అర్థం రాయకపోతే, మనల్ని తిట్టినవాడు రాసిన అర్థమే రేపటి యంత్రానికి పాఠమవుతుంది.